పత్తెం లేని మందు

డాక్టరు బాగా చిన్నవాడు. మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లల వయసు ఉంటుందేమో. కాగితం మీద రెండు మందుల పేర్లు రాసి, ఏది పొద్దున, ఏది పడుకునే ముందు అని ఓపిగ్గా చెప్పి, "ఇంకేమైనా అడగాలా మేడమ్?" అన్నాడు. నేను ఆలోచించుకోకుండానే, "పత్తెం ఏమైనా ఉందా?" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. పులుపు తినకూడదా, వంకాయ మానెయ్యాలా అలాంటివి, అని వివరించాను. నవ్వు ఆపుకుని, "డిప్రెషన్‌కి వంకాయతో పేచీ ఏం లేదు మేడమ్" అన్నాడు. బయట కుర్చీలో నా కూతురు ఉంది. పదేళ్ళది. నేను తలుపు తీయగానే లేచి నా మొహంలోకి చూసింది. ఈ మధ్య నా మొహం చదవడం దానికి ఇంకో హోమ్‌వర్క్ అయింది. దాన్ని చూస్తే నా కూతురే అని తెలుస్తోంది. అంతకు మించి లోపల ఏమీ కదలడం లేదు. ఆ మాట డాక్టరుకు చెప్పడానికే నాకు మూడు నెలలు పట్టింది.

ఆ క్లినిక్ మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తూ మా బర్రెల కొట్టం ఎక్కడుండేదా అని లెక్క వేసుకున్నాను. ఎర్ర బోర్డు ఉన్న కాఫీ దుకాణం దగ్గర కావచ్చు. లేదా దాని వెనక కార్లు నిలిపే చోట.

మా చిన్నప్పుడు కొండాపూర్ ఊరే. రాళ్ళు, రాళ్ళ మధ్య సీతాఫలం చెట్లు, అవతల ద్రాక్షతోటలు. మా మిద్దె ఎక్కితే దూరంగా గుండ్రంగా లేస్తున్న ఒక పెద్ద మేడ కనిపించేది. అందులో అంతస్తు అంతస్తుకూ కంప్యూటర్లే పెడతారట అని మా నాయన చెబితే, నాయనమ్మ "గన్నిటికి మేత ఎవడేస్తడురా?" అని అడిగింది. కొత్త రోడ్డు కోసం రోజూ సాయంత్రం నాలుగింటికి రాళ్ళు పేల్చేవాళ్ళు. ముందు ఎర్రజెండా, తర్వాత విజిల్, ఆ తర్వాత ఢాం. ఇంట్లో గిన్నెలన్నీ గల్లుమనేవి. పిల్లలం చెవులు మూసుకుని, అయినా వినబడుతుందని తెలిసి ముందే కేకలు పెట్టేవాళ్ళం.

మాకు నాలుగు బర్రెలు. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నాయన, నాయన తమ్ముడైన చిన్నాయన, అతని భార్య చిన్నమ్మ, నేను. ఇంటికి ఎవరు పెద్ద అంటే నాయనమ్మ అనేవారు కానీ, ఇంటికి చప్పుడు మాత్రం చిన్నమ్మదే. గజ్జెలు లేకుండానే గల్లుగల్లున తిరిగేది. పాలు కాచాక మీగడ తీసి నా నోట్లో ఒక వేలు, తన నోట్లో ఒక వేలు పెట్టి, పిల్లి మీద నేరం మోపేది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న బర్రె ఒకటుండేది. అది చిన్నమ్మ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ పాలిచ్చేది కాదు.

ఆమె పెట్టిన చింతకాయ తొక్కు అంటే వాడకట్టంతా పడిచచ్చేది. కొత్త జాడీ తీసినప్పుడల్లా మా ఇద్దరికీ ఒక ఆట. చిటికెడు తొక్కు నాలుక మీద పెట్టుకుని ఎదురెదురుగా కూర్చోవాలి. ముందు మొహం వంకర పెట్టినవాళ్ళు ఓడిపోయినట్టు. ప్రతిసారీ చిన్నమ్మే ఓడిపోయేది. కళ్ళు చికిలించి, భుజాలు ఎగరేసి, "అబ్బ, సంపిందే!" అని పకపకా నవ్వేది. ఒక్కసారైనా ఆమె గెలిచింది లేదు.

అలాంటి చిన్నమ్మ బోనాల రోజున మంచం దిగలేదు. ఇల్లంతా బెల్లం అన్నం, వేపాకు, తడి పసుపు వాసన. అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి పిలిస్తే, "నువ్వు పో అక్కా" అని అటు తిరిగి పడుకుంది. జ్వరమేమో అనుకున్నారు. ఒళ్ళు చల్లగానే ఉంది. ఆ తర్వాత రోజులు అలాగే గడిచాయి. లేపితే లేచేది, పెట్టింది తినేది, తల మాత్రం దువ్వుకునేది కాదు. నాలుగింటికి ఢాం అంటే మేమందరం ఉలిక్కిపడేవాళ్ళం, ఆమె కనురెప్ప కూడా వేసేది కాదు. "అన్నం ఎట్లున్నది?" అని నాయనమ్మ అడిగితే, "నోట్లె ఏం తెలుస్తలేదత్తా" అనేది.

వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "నీకేం తక్కువైందే?" చిన్నమ్మ ఆలోచించి ఆలోచించి, "ఏం తక్కువ కాలే" అనేది. నిజంగానే ఏమీ తక్కువ కాలేదు. అదే ఆమె నేరమైంది. నాయనమ్మ దిష్టి అని ఎండు మిరపకాయలు కాల్చింది. ఆ ఘాటుకు ఇంట్లో అందరం దగ్గి దగ్గి బయటికి ఉరికాం, చిన్నమ్మ తప్ప. తర్వాత దర్గా దగ్గర్నుంచి తావీదు తెచ్చి కట్టింది. మా అమ్మకు పని రెట్టింపయింది. "నాక్కూడ పండుకోవాలనే ఉంటది, తీరిక యాడిది?" అని గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టేది. అమ్మ చెడ్డది కాదు, అలిసిపోయింది.

అసలు చిక్కు తెల్ల మచ్చ బర్రెతో వచ్చింది. అమ్మ కూర్చుంటే తన్నింది. నాయనమ్మ కూర్చుంటే పాలు చేపలేదు. రెండు పూటలు పాలు తీయకపోతే పొదుగు గట్టిపడి అది అరవడం మొదలుపెట్టింది. చివరికి నాయనమ్మే ఉపాయం చెప్పింది. చిన్నమ్మ చీర కట్టుకుని కూర్చుంటే ఆ వాసనకు మోసపోతుందని. అమ్మ, నాయనమ్మల చేతి పట్టు దానికి అప్పటికే తెలిసిపోయింది కాబట్టి ఆ చీర చిన్నాయన కట్టుకోవాల్సి వచ్చింది.

ఆ పొద్దుటి సంగతి తలచుకుని ఏళ్ళ తరబడి కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆరడుగుల మనిషి, గుబురు మీసాలు, ఆకుపచ్చ పూల చీర. కొంగు నెత్తిన వేసుకుని, గొంతు సన్నం చేసి, "రా నా తల్లి, రా నా బంగారం" అని బర్రెను దువ్వుతున్నాడు. బర్రె ఒకసారి వాసన చూసింది, ఒకసారి మీసాలు చూసింది, చాలాసేపు ఆలోచించి పాలిచ్చింది. గోడ మీద నుంచి సగం ఊరు చూసి నవ్వింది. నాయనమ్మ నవ్వలేక కింద కూర్చుంది. నేను గెంతుకుంటూ వెళ్ళి చిన్నమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. తన చీర కట్టుకుని తన బర్రె పాలు పిండుతున్న మొగుణ్ణి చూసింది. మొహంలో ఏమీ మారలేదు. మళ్ళీ లోపలికి వెళ్ళి పడుకుంది.

దానికి కూడా నవ్వలేదంటే ఇది దిష్టి కాదని నాకు అప్పుడే తెలిసింది. చిన్నాయనకూ తెలిసిందనుకుంటాను. చీర విప్పి మడత పెడుతూ చాలాసేపు కొట్టంలోనే ఉండిపోయాడు.

ఆ వారంలోనే పెద్దవాళ్ళ మాటలు నా చెవిన పడ్డాయి. బతుకమ్మ పండగ అయ్యాక ఆమెను తల్లిగారింటికి పంపించాలని, బాగైతే తెచ్చుకోవాలని, కాకపోతే చిన్నాయన సంగతి వేరే చూడాలని. వేరే చూడడం అంటే ఏమిటో నాకు తెలుసు. మా బడిలో ఒక పిల్లకు ఇద్దరు చిన్నమ్మలు ఉండేవారు. నాకు రెండో చిన్నమ్మ వద్దు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని ఏడ్చాను, ఎందుకని అడిగితే కారం అన్నాను.

మా పక్క గదుల్లో కిరాయికి ఒక ఆంటీ ఉండేది. గోదావరి జిల్లా వాళ్ళు. భర్త గవర్నమెంటు ఆఫీసులో పని. "కొట్టంల బర్రెను గూడ అండీ అంటది ఈ అమ్మ" అని నాయనమ్మ వెక్కిరించేది కానీ, ఆమె చేసే పులిహోర వాసన వస్తే ముందు గిన్నె పట్టుకుని వెళ్ళేది తనే. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆంటీ వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

"పెద్దమ్మగారూ, మీరేమీ అనుకోకపోతే ఒక మాట చెప్తానండి. మీ కోడలికి దిష్టీ కాదు, బద్ధకమూ కాదు. ఇది జబ్బండి. మా పెద్దాడు పుట్టాక నాకూ ఇలాగే వచ్చింది. పిల్లాడి ఏడుపు వినపడేది, లేచి ఎత్తుకోవాలని మాత్రం అనిపించేది కాదు. ఆరు నెలల పైనే మందులు వాడాను."

నాయనమ్మ ఆమెను కిందికీ పైకీ చూసింది. "నీకా? గింత మంచిగున్నవ్ గద!"

"మందులు వేసుకున్నాను కాబట్టే బాగున్నానండి."

ఎక్కడ చూపించాలో కూడా చెప్పింది. చెప్పగానే అరుగు మీద అందరూ బిగుసుకుపోయారు. ఆ పిచ్చిదవాఖాన ఉన్న పేట పేరు మాకు తిట్టు. ఆటలో గొడవైతే, "నిన్ను అక్కడ చేర్పించాలె" అనుకునేవాళ్ళం. నాయన తల అడ్డంగా ఊపాడు. "గా దవాఖానకా? ఊరంత ఏమంటది?"

చిన్నాయన అరుగు అంచున కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "అన్నా, చీర గట్టుకొని బర్రె పాలు పిండిన. ఊరంత నవ్వింది. ఇగ ఇంకేమంటది?"

అలా దవాఖానకు వెళ్ళారు. ఊళ్ళో మాత్రం కండ్లు చూపించడానికి అని చెప్పారు. నాయనమ్మ కూడా బయలుదేరింది. అక్కడి డాక్టరమ్మ గంటసేపు చిన్నమ్మతో మాట్లాడి, గోళీలు రాసిచ్చి, మూడు నాలుగు వారాలైనా ఓపిక పట్టాలి, మధ్యలో మానొద్దు అని చెప్పిందట. నాయనమ్మ అడిగింది. "పత్తెం ఏం బెట్టాలె?" ఏమీ లేదు, అన్నీ తినొచ్చంది డాక్టరమ్మ. నాయనమ్మకు ఆ మాటతో ఆమె మీద నమ్మకం సగం పోయింది. బస్సులో వస్తూ దారి పొడుగునా ఇదే మాట. "పత్తెం లేని మందు ఏం మందురా? కామెర్లకు పత్తెం, తట్టుకు పత్తెం, బాలింతకు పత్తెం. మందుల దమ్ముంటె పత్తెం ఉండకుంటదా?"

కాబట్టి పత్తెం తనే పెట్టింది. పులుపు లేదు, నూనె లేదు, కారం లేదు. వంకాయ, మేం పుంటికూర అనే గోంగూర, పచ్చి మిరపకాయ ఇంటి గడప తొక్కకూడదు. పొద్దున జొన్న గట్క, మధ్యాహ్నం చప్పటి బీరకాయ, రాత్రి మళ్ళీ గట్క. చిన్నమ్మ ఒక్కతే చప్పటిది తింటే మనసు కష్టపెట్టుకుంటుందని ఇంటిల్లిపాదికీ అదే. నాయన ఆఫీసు క్యాంటీన్‌లో మిరపకాయ బజ్జీలు తిని మూతి కడుక్కుని ఇంటికి వచ్చేవాడు. తొక్కు జాడీ నాయనమ్మ మంచం కిందికి పోయింది. రుచి తెలియడం లేదని బాధపడే మనిషికి మేము రుచి లేని కూడు పెట్టాం. అంత ప్రేమగా ఎవరూ ఎవరికీ అన్యాయం చేసి ఉండరు.

రెండు వారాలు చూశాను. ఒక మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే మంచం కింద దూరి, జాడీ మూత తీసి, రెండు మూడు చిటికెల తొక్కు జామాకులో పెట్టుకుని కొట్టం వెనక్కి తీసుకుపోయాను. చిన్నమ్మను అక్కడికి పిలిచాను. ఎదురెదురుగా కూర్చున్నాం. ఆకు చాపాను. ఆమె చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పళ్ళు జివ్వుమన్నాయి. చిన్నమ్మ మొహం అలాగే ఉంది. ఆ ఆటలో మొదటిసారి ఆమె గెలిచింది. గెలిచిందని చెప్పాను కూడా. ఆమె నా వైపు చూసి, నా మూతికి అంటుకున్న కారం కొంగుతో తుడిచింది.

మర్నాడు ఆమె అసలు లేవలేదు. అంతకు ముందు నాలుగు రోజులు కాస్త కూర్చుంటున్నదల్లా మళ్ళీ గోడ వైపు తిరిగింది. అన్నం వద్దంది. పత్తెం తప్పితే మందు ఎదురు తిరుగుతుందని నాయనమ్మ ఎప్పుడూ చెప్పేది.  చిన్నమ్మను నేనే చంపేశాను అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. జామచెట్టు వైపు చూస్తేనే భయం వేసేది. వారం తర్వాత మళ్ళీ దవాఖానకు వెళ్తుంటే, నేనూ వస్తానని బస్సు దాకా ఏడ్చుకుంటూ వెళ్ళి ఎక్కాను.

ఆ దవాఖానలో నేను ఊహించుకున్నవేవీ లేవు. బెంచీలు, వేపచెట్లు, ఫినాయిలు వాసన, టిఫిన్ డబ్బాలు పట్టుకుని మాలాంటి మనుషులు. డాక్టరమ్మ నెరిసిన జుట్టుతో, లావు అద్దాలతో, మా బడి పంతులమ్మలా ఉంది. ఆమె ఏదో అడగబోయేలోపే నేను బల్ల పట్టుకుని మొత్తం కక్కేశాను. మంచం కింద దూరడం, జామాకు, తొక్కు, అన్నీ. "నా వల్లనే మందు పాడైంది. నాకు సూది ఎయ్యున్రి" అన్నాను. నాయనమ్మ నన్ను కొట్టడానికి చెయ్యి ఎత్తింది.

డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుని దించింది. "ఆగమ్మా. పిల్ల మంచి ముచ్చట చెప్పింది." తర్వాత చిన్నమ్మ వైపు తిరిగింది. "తొక్కు తిన్నవా? ఎట్లుండె?"

చిన్నమ్మ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. "పుల్లగుండె" అంది. "పండ్లు జివ్వుమన్నయ్."

డాక్టరమ్మ మొహం విప్పారింది. అది కాగితం మీద రాసుకుంది. "మళ్ళ పండుకున్నవంటె ఫికర్ చేయకు. జ్వరం దిగేటప్పుడు ఒకరోజు ఎక్కువుంటది, ఒకరోజు తక్కువుంటది. ఇదీ గంతే." ఆ తర్వాత నాయనమ్మతో అంది. "మనసు గూడ ఒంట్లనే ఉంటదమ్మా. షుగరొచ్చినోళ్ళను నీకేం తక్కువైందని అడుగుతమా? పత్తెం కావాలంటివి గద, రాసిస్తున్న విను. రోజు ఇంత తొక్కు పెట్టాలె. రోజు పొద్దుగాల ఎండల నడిపించాలె, ఈ పిల్లను ఎంట తోలుకొని. ఒక్కదాన్ని కూసోబెట్టి తినిపియ్యొద్దు. గోళీలు నేను చెప్పేదాంక ఆపొద్దు. పత్తెం తప్పితే ఊకోను."

నాయనమ్మకు ఇప్పుడు నమ్మకం కుదిరింది. మందులో దమ్ముంది. ఇంటికొచ్చి జాడీ తీసి వంటింట్లో నడిమధ్య పెట్టింది. ఆ రోజు వండిన పుంటికూర పప్పు వాసనకు నాయన ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాడు.

పొద్దున బడికి వెళ్ళేముందు చిన్నమ్మ, నేను ద్రాక్షతోటల గట్టు దాకా నడిచేవాళ్ళం. మొదట్లో నేను ముందు, ఆమె వెనక. కొన్నాళ్ళకు పక్కపక్కన. సీతాఫలాలు కన్ను విప్పాయా లేదా అని వెతికి, విప్పినవి కోసి జొన్నల గంపలో మాగబెట్టేవాళ్ళం. ఒకరోజు నేను అడిగాను. ఏడుపొస్తుండెనా చిన్నమ్మా అని.

"లేదు బిడ్డా. ఏడిస్తె జర నయముంటుండె" అంది. "ఇంట్ల కరెంటు పోతె ఎట్లుంటది? సామాను యాడిది ఆడనే ఉంటది, కనవడది. గట్లుండె. తింటున్న అని తెలుసు, రుచి తెల్వది. నిన్ను జూస్తె నువ్వే అని తెలుసు, ముద్దు రాకపోయేది. ముద్దు రాకుంటె శాన భయమైతది."

నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని నడిచాను, అంతే.

బతుకమ్మ నాటికి చిన్నమ్మ తల దువ్వుకుని పూలు పెట్టుకుంది. గునుగు పూలకు రంగులద్ది, తంగేడు పేర్చి, తన చేత్తో బతుకమ్మను నా నడుమెత్తు చేసింది. పాటల మధ్య ఆగినప్పుడు పక్కింటావిడ అడిగింది. "కండ్లెట్లున్నయే ఇప్పుడు?" నాయనమ్మ గబగబా, "మంచిగున్నయ్, మంచిగున్నయ్" అంటోంది. చిన్నమ్మ చప్పట్లు ఆపింది.

"కండ్లు ఎప్పుడు మంచిగనే ఉండె వదినా. మనసుకు బాగలేకుండె. గోళీలేసుకుంటున్న" అంది. దవాఖాన పేరు కూడా చెప్పింది.

 నాయనమ్మ నాలిక కరుచుకుంది. ఇక ఈ ఇంటికి పిల్లనిచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు ఉండరని ఆ రాత్రంతా గొణిగింది. మూడో రోజు మధ్యాహ్నం కొట్టం వైపు నుంచి ఎవరో నెమ్మదిగా తలుపు కొట్టారు. అదే పక్కింటావిడ. లోపలికి రాలేదు. "మా చిన్నది గూడ గట్లనే పండుకుంటున్నదే, ఆర్నెల్లాయె. నీకేం తక్కువైందని రోజు తిడుతున్న" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది విని ముందుకొచ్చింది చిన్నమ్మ కాదు. నాయనమ్మే ఆమెను లోపలికి లాగి కూర్చోబెట్టింది. "దవాఖాన నేను జూపిస్త, పా" అంది. "మందు మంచిదే. పత్తెం మాత్రం గట్టిగుంటది."

చిన్నాయన చీర మానేశాడు. తెల్ల మచ్చ బర్రె కొన్నాళ్ళు అనుమానంగా చూసి, మళ్ళీ అసలు మనిషికి అలవాటు పడింది. తర్వాత బర్రెలూ పోయాయి, కొట్టమూ పోయింది, ద్రాక్షతోటల మీద ఎన్ని అంతస్తులు లేచాయో లెక్కపెట్టడం మానేశాను. ఇవేవీ పోయినందుకు నాకు పెద్ద దిగులు లేదు. ఆ చప్పుడు మనిషి మాకు దక్కింది, చాలు.

చిన్నమ్మ ఇప్పుడు బాచుపల్లిలో ఉంటుంది. నేను క్లినిక్ నుంచి ఫోన్ చేసి విషయం చెప్పాను. ఏం తక్కువైందని ఆమె అడగలేదు. రెండు గంటల్లో మా ఇంటి ముందు ఆటో దిగింది, చేతిలో స్టీలు డబ్బా. మూత తీయగానే వెల్లుల్లి, ఇంగువ, పాత చింతకాయ వాసన గదంతా పరుచుకుంది. నా కూతురు వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"ఏలు పెట్టు" అంది చిన్నమ్మ. పెట్టాను. నాలుక మీద రాసుకున్నాను. పులుపు ఎక్కడో ఉందని తెలుసు. నా దాకా రాలేదు. "తెలుస్తలేదు చిన్నమ్మా" అన్నాను, పిల్లకు వినబడకుండా.

ఆమె ఏమీ అనుకోలేదు. నా పక్కకు జరిగి, అంతే మెల్లగా చెప్పింది. "నాకు గూడ తెల్వలే. నువ్వు జామాకుల తెచ్చిన దినం మన్ను తిన్నట్టే ఉండె."

నేను తిరిగి చూశాను. "మరి డాక్టరమ్మకు పుల్లగుండె అని చెప్పినవ్?"

"నువ్వు బల్ల పట్టుకొని వణుకుతున్నవ్ బిడ్డా. నీ మొఖం జూసిన. ముద్దొచ్చింది. శాన దినాలకు. గందుకే చెప్పిన." నా వేలు కొంగుతో తుడిచింది. "రుచి దానెనక మెల్లగ వచ్చింది. రేపు ఆరింటికి తయారుండు, నడవాలె."

తలుపు దగ్గర్నుంచి చిన్న గొంతు వచ్చింది. "అమ్మా, పుల్లగా ఉందా?"

తల ఎత్తి చూశాను. తలుపు చెక్కను రెండు చేతులా పట్టుకుని ఉంది. ఊపిరి కూడా తీసుకోవడం లేదు. నేను ఇంకోసారి వేలు డబ్బాలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. కళ్ళు చికిలించాను, భుజాలు ఎగరేశాను, "అబ్బ, చంపిందే!" అన్నాను. పిల్ల పకపకా నవ్వింది. కొత్తగా వస్తున్న పన్ను దగ్గర సందు కనిపించింది. ఆ సందు చూస్తే నాకు ముద్దొచ్చింది.